రోయె కుడి ముంగాలు

పోటీకి ఇంకా పదకొండు రోజులుందనగా రోయె కాలు పెచ్చులో దిగబడింది.

నది మీద గట్టి మంచు పైన నీళ్ళు ఊరి, ఆ నీళ్ళ మీద మళ్ళీ పలచటి పెచ్చు కట్టే చోట్లు పస్విక్ లోయలో కొత్తేమీ కాదు. హల్దిస్ వాటిని రంగు చూసి పసిగట్టగలదు. ఆ పొద్దున ఎండ ఎదురుగా కొట్టి కళ్ళు చెదిరాయి. మంచుబండి లాగుతున్న పన్నెండు కుక్కల జట్టు మంచి ఊపు మీద ఉంది. అన్నిటికన్నా ముందు పరుగెడుతున్న రోయె కుడి ముంగాలు ఉన్నట్టుండి పెచ్చులోకి దిగిపోయింది. వెనక నుంచి జట్టు తోసుకొచ్చిన ఊపుకు అది ముందుకు పల్టీ కొట్టి, లేచి, ఒళ్ళు విదుల్చుకుని, ఏమీ జరగనట్టే మళ్ళీ పరుగందుకుంది.

ఇంటికొచ్చి కుక్కల కాలి తొడుగులు విప్పుతున్నప్పుడు హల్దిస్ రోయె కుడి ముంగాలి మణికట్టు నొక్కి చూసింది. వెచ్చగా ఉంది. ఎడమ కాలు పట్టి చూసింది. అది చల్లగానే ఉంది. రోయె ఆమె చెవి నాకి, గిన్నె కోసం అటూ ఇటూ చూసింది.

హల్దిస్‌కి నలభై ఆరేళ్ళు. దొడ్లో ఇరవై ఎనిమిది కుక్కలు. గడ్డకట్టిన మాంసం దిమ్మెల్ని గొడ్డలితో కొట్టి, వేడినీళ్ళల్లో వేసి జావ కాయడంతో ఆమెకు తెల్లవారుతుంది. పెంట ఎత్తడం, గడ్డి మార్చడం, గోళ్ళు కత్తిరించడం, రోజుకు రెండు జట్లను తోలుకురావడం, తాళ్ళకు ముళ్ళు వేయడం, ఇవయ్యేసరికి పొద్దు గుంకుతుంది. ఈ దొడ్డి పెట్టింది ఆమె తండ్రి ఐలిఫ్. చేపలు పట్టడం ఆయనకు ఎంత ఇష్టమంటే, ఒక ఈత పిల్లలందరికీ చేపల పేర్లే పెట్టాడు. రోయె, సీక్, హార్ ఆ ఈతవే. ఆయన వేళ్ళకు కళ్ళున్నాయని లోయలో అందరూ అనేవారు. కుక్క కాలు ఒక్కసారి పైనుంచి కిందికి నిమిరాడంటే నిన్న అది ఏ రాయి తొక్కిందో చెప్పగలడని పేరు. కిందటి నవంబరులో మెట్ల మీద జారిపడి తుంటి విరిగింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి, చక్రాల ఊతకర్ర పట్టుకుని వంటింటి కిటికీ దాకా మాత్రం రాగలుగుతున్నాడు. అందుకని హల్దిస్ లోపలికి అడుగు పెట్టగానే ఒకే మాట అడిగేవాడు.

"కాళ్ళెలా ఉన్నాయి?"

ఏ కుక్క గోరు చీలిందో, దేని అరికాలు పగిలిందో ఆమె ఒక్కొక్కటే చెప్పేది. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ రోజు మాత్రం ఆమె బూట్లు విప్పుతూ, తల ఎత్తకుండా, "అన్నీ బాగానే ఉన్నాయి నాన్నా" అంది.

అబద్ధం ఎందుకు ఆడిందో ఆ క్షణాన ఆమెకే సరిగా తెలియదు. తర్వాత చాలాసార్లు తనని తాను అడిగి చూసుకుంది. అక్కడివాళ్ళు 'ఐదొందలు' అని పిలిచే ఐదువందల కిలోమీటర్ల పరుగులో ఆమె మూడుసార్లు రెండో స్థానంలో వచ్చింది. మూడుసార్లూ ముందున్నది ఒద్మున్ జట్టే. ఈ ఏటి జట్టు లాంటిది ఆమె చేతికి ఎప్పుడూ రాలేదు. బోడికొండల మీద, ఎదురుగాలిలో, దారి గుర్తులు కనపడనప్పుడు జట్టును నడిపించగలిగింది మాత్రం రోయె ఒక్కటే. దాన్ని ఇంట్లో వదిలి వెళ్ళడమంటే మొదలు పెట్టకముందే ఓడిపోవడం. తండ్రికి చెబితే ఆయన వదిలిపెట్టమంటాడు. చెప్పకపోతే ఆ మాట వినక్కర్లేదు.

వారం రోజులు దొంగచాటు వైద్యం చేసింది. కిటికీలోంచి కనపడని మేత గదిలో పొద్దున మంచు నింపిన మేజోడు కట్టేది, మధ్యాహ్నం తైలం రాసి మర్దన చేసేది. ఒకరోజు పొరుగాయన రెయ్దార్ గడ్డి మోపులు దించడానికి వచ్చి తలుపు తీశాడు. గని పని నుంచి రిటైరైన మనిషి. పోటీలప్పుడు ఆమె సామాను బండి తోలేది ఆయనే.

"ఏంటమ్మా, దొరసానికి కాళ్ళొత్తుతున్నావా? మా ఆవిడ ముప్పై ఏళ్ళుగా అడుగుతోంది నన్ను. ఈసారి కుక్కగా పుట్టమని చెప్తా."

"ఏడేళ్ళు వచ్చాయిగా దానికి. కాస్త మర్దన చేస్తే మంచిది."

"మంచిదే. నాకు డెబ్భై వచ్చాయి, అటువైపు అయ్యాక ఇటు రా" అని ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఎనిమిదో రోజుకు వేడి తగ్గింది. తొమ్మిదో రోజు ముప్పై కిలోమీటర్లు తోలి చూసింది. ఇంటికొచ్చి పట్టి చూస్తే మణికట్టు మళ్ళీ వెచ్చగా ఉంది. అంటే ఆమెకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారిని ఆ తొమ్మిదో రోజే మూసేసింది.

పోటీ ముందు రోజు కుక్కలన్నిటినీ పశువుల డాక్టర్లు చూస్తారు. ఆరుగురు డాక్టర్లు. ఆమె జట్టు వంతు యూరున్‌కి వచ్చింది. యూరున్ పంతొమ్మిదేళ్ళుగా వాళ్ళ కుక్కలకు డాక్టరు. అర్ధరాత్రి కాన్పులకు కూడా కారేసుకుని వచ్చిన మనిషి. హల్దిస్ విడాకులప్పుడు ఆమె వంటింట్లో కూర్చుని ఒక్క మాట కూడా అడక్కుండా కేకు సగం తినిపించి వెళ్ళింది. ఆ యూరున్ వస్తుందని తెలిసి కూడా, సామాను బండి వెనక చాటున హల్దిస్ గంటసేపు రోయె కాలికి మంచు కట్టి ఉంచింది. తర్వాత తన కోటు చేతితో తడి తుడిచి, వెంట్రుకలు ఆరే దాకా నిమిరింది.

యూరున్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క కీలూ వంచి చూస్తూ వచ్చింది. కుడి ముంగాలి మణికట్టు వంచగానే రోయె కాలు కొద్దిగా వెనక్కి లాక్కుంది. యూరున్ వేళ్ళు అక్కడే ఆగాయి.

"ఇక్కడేమన్నా ఉందా?"

"దానికి అక్కడ కితకితలు" అంది హల్దిస్. "పిల్లప్పట్నుంచీ అంతే."

యూరున్ తలెత్తి ఆమెను చూసింది. నవ్వింది. "ఏమే, ఇంత పెద్ద నాయకురాలివి, నీకు కితకితలేంటే" అని రోయె ముక్కు మీద వేలితో కొట్టి, కాగితం మీద టిక్కు పెట్టింది.

మొదటి రోజంతా జట్టు బాణంలా పోయింది. రెండో మజిలీ నుంచి హల్దిస్ మూడో స్థానంలో బయల్దేరింది. రోయె జావ మొత్తం తాగి, గడ్డి మీద ముడుచుకుని పడుకుని, పిలవగానే లేచి నిలబడింది. మొదటి నాలుగడుగులు కొంచెం బిగుసుకుపోయినట్టు వేసింది. తర్వాత సర్దుకుంది. మిగతా కుక్కలూ అలాగే లేచాయని హల్దిస్ అనుకుంది. నిజానికి మిగతావాటిని ఆమె చూడలేదు.

మూడో మజిలీకి బోడికొండల మీదుగా తొంభై కిలోమీటర్లు. పొద్దున తొమ్మిదికి బయల్దేరారు. చెట్టన్నది లేని తెల్లటి నేల, తూర్పు నుంచి ఈడ్చి కొడుతున్న గాలి. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర రోయె తల ఊపడం మొదలుపెట్టింది. కుడి కాలు నేల తాకినప్పుడల్లా తల పైకి లేస్తోంది. ఆ ఊపు ఏమిటో కుక్కలు పెంచేవాళ్ళ ఇంట్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. గాలి చెక్కిన మంచు గట్లు కదా, నేల ఎగుడుదిగుడుగా ఉందని హల్దిస్ తనకు తాను చెప్పుకుంది. రెయిన్‌డీర్ కంచె దాకా చూద్దాం అనుకుంది. కంచె వచ్చింది. చెరువు దాకా అనుకుంది.

అప్పుడే ఒద్మున్ జట్టు కనపడింది. ముందు కిలోమీటరు దూరంలో నల్లటి గీతలా ఉంది. ఆ గీత చూస్తుండగానే దగ్గరవుతోంది. హల్దిస్ రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది. వేగం పెంచమనే ఈల. రోయె చెవులు వెనక్కి తిరిగాయి, భుజాలు కిందికి వంగాయి, అది మరింత బలంగా లాగింది.

తర్వాత అన్నిటికన్నా ఎక్కువగా ఆమెను తిన్నది ఆ ఈలే.

చెరువు దాటేసరికి రోయె మూడు కాళ్ళ మీద పరుగెడుతోంది. వేగం మాత్రం తగ్గించలేదు. ఆగమని చెప్పాల్సింది హల్దిస్. ఆమె చెప్పలేదు. ఎక్కుడు దారి మొదలైన చోట రోయె ముందుకు పడిపోయింది, వెనకున్న హార్, సీక్ దాని మీదుగా తొక్కుకుంటూ పోయి తాళ్ళల్లో చుట్టుకున్నాయి. అప్పుడు హల్దిస్ బండిని ఆపే లంగరు మంచులోకి తొక్కి, ముందుకు పరుగెత్తింది.

రోయె మంచు మీద పక్కకు పడి ఉంది. మణికట్టు వంగకూడని వైపుకి వంగింది. హల్దిస్‌ని చూడగానే చెవులు వెనక్కి వాల్చి, తోక కొస నేల మీద రెండుసార్లు ఆడించింది. తప్పు చేసి దొరికిపోయిన కుక్కలు చేసే పని అది. ఆగిపోయినందుకు తిడుతుందేమోనని చూస్తోంది.

"లేదే" అంది హల్దిస్. "నువ్వు కాదే."

తన పై కోటు విప్పి దాన్ని చుట్టి, బండి సంచిలో పడుకోబెట్టింది. హార్‌ని ముందు కట్టి చూసింది. గాలికి మొహం తిప్పుకుని అది గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. సీక్ కూర్చుండిపోయింది. చివరికి ఆమే ముందు నడిచింది, సీక్ మెడతాడు చేత్తో పట్టుకుని, ఒంటి మీద ఉన్ని చొక్కాతో, ఇరవై రెండు కిలోమీటర్లు. ఒద్మున్ గీత మాయమైంది. వెనక నుంచి వచ్చిన జట్లు ఒక్కొక్కటే ఆమెను దాటిపోయాయి. ప్రతి ఒక్కరూ ఆగి సాయం కావాలా అని అడిగారు. అక్కర్లేదని పంపేసింది. సాయం తీసుకునే మొహం తనకు లేదనిపించింది.

మూడు గంటలప్పుడు పేపరు ఫోటోగ్రాఫర్ ఒకాయన మంచు స్కూటరు మీద ఎదురొచ్చాడు.

"ఎన్ని కిలోమీటర్ల నుంచి నడుస్తున్నారు?"

"తెలీదు."

"ఆ కోటు మీదేనా?"

ఆమె అడుగు ఆపలేదు. ఆయన కెమెరా తీశాడు. సంచిలోంచి ఎర్ర కోటు తొడుక్కున్న కుక్క తల, ముందు గాలికి వంగి నడుస్తున్న ఆడమనిషి, చుట్టూ తెల్లటి శూన్యం. ఆ సాయంత్రానికే ఆ బొమ్మ ఊరూరా పాకింది.

మూడో మజిలీలో యూరున్ పరుగెత్తుకొచ్చింది. కాలు పట్టి చూసి పెదవి కొరుక్కుంది.

"లిగమెంట్ తెగింది. పెచ్చులో పడిందా?"

"అవును."

"ఎక్కడ?"

ఇక్కడ చెప్పి ఉండవచ్చు. మాట నాలిక మీద దాకా వచ్చింది కూడా. రెయ్దార్ పక్కనే వేడి టీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. యూరున్ అప్పటికే తన కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పుతోంది.

"కొండ మీద" అంది హల్దిస్.

"నీ వేళ్ళు చూడు ఎలా నల్లబడ్డాయో. పిచ్చిదానా, నీ కోటు దానికిచ్చి..." యూరున్ ఆమెను గట్టిగా పట్టుకుంది. ఆ పట్టులో హల్దిస్ కట్టెలా నిలబడింది. అలసట వల్లేనని అనుకున్నారందరూ.

మిగిలిన కుక్కలతో పద్నాలుగో స్థానంలో చేరింది. మర్నాడు మధ్యాహ్నం సంఘం హాల్లో భోజనాలు. రెయిన్‌డీర్ మాంసం కూర, బంగాళదుంపలు, పసుపురంగు అడవిపళ్ళ మీగడ. గెలిచిన ఒద్మున్‌కి బహుమతి ఇచ్చాక, కుక్కల్ని బాగా చూసుకున్నవాళ్ళకు డాక్టర్లు ఇచ్చే బహుమతి ప్రకటించడానికి యూరున్ లేచింది. అది గెలుపు కన్నా పెద్దదని అక్కడ చాలామంది అంటారు.

"ఆరుగురం ఓటేశాం. ఇన్నేళ్ళలో ఆరు చీటీల మీదా ఒకే పేరు రావడం ఇదే మొదటిసారి" అంది యూరున్. తర్వాత ఇంకేదో చెప్పబోయి, మానేసి, చేత్తో హల్దిస్‌ని రమ్మని పిలిచింది.

హాలంతా లేచి నిలబడింది. ముందుగా లేచింది ఒద్మున్. హల్దిస్ కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి, బిర్చి చెట్టు బుడిపెలో తొలిచిన పెద్ద గిన్నెను రెండు చేతులతో అందుకుంది. ఏదైనా మాట్లాడమన్నారు. "రోయె మంచి కుక్క" అంది. అంతకు మించి రాలేదు. దానికి చప్పట్లు ఇంకా పెరిగాయి.

ఇంటికొచ్చేసరికి వంటింటి గోడ మీద పేపరు కత్తిరించి నాలుగు గుండుసూదులతో గుచ్చి ఉంది. ఐలిఫ్ పని. ఊతకర్రతో అక్కడి దాకా వెళ్ళి గుచ్చడానికి ఆయనకు ఎంతసేపు పట్టిందో. రెయ్దార్ అప్పటికే ఇరుగుపొరుగుని పోగేసి, కొండ మీద తాను కూడా ఉన్నట్టే కథ చెబుతున్నాడు. ఎవరో వాఫిల్ అట్లు కాల్చి తెచ్చారు. అందరూ వెళ్ళిపోయాక ఐలిఫ్, "దాన్ని ఇలా తీసుకురా" అన్నాడు.

రోయెని ఎత్తుకొచ్చి ఆయన కాళ్ళ దగ్గర దుప్పటి మీద పడుకోబెట్టింది. ఆయన కట్టు విప్పించి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో మణికట్టు చుట్టూ తడిమాడు. మెత్తటి కొత్త వాపు. దాని అడుగున, లోపలి వైపు, చిక్కుడు గింజంత గట్టి ముద్ద. వేళ్ళు అక్కడికొచ్చి ఆగిపోయాయి. మళ్ళీ మొదటి నుంచి తడిమాడు. మళ్ళీ అక్కడే ఆగాయి.

"ఎప్పుడు?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"పోటీకి పదకొండు రోజుల ముందు."

"నేను రోజూ అడిగాను."

"అడిగావు."

ఆయన కట్టు మళ్ళీ తనే చుట్టాడు, ఆమెను ముట్టుకోనివ్వలేదు. తిట్టలేదు. పొద్దున లేచి చూస్తే గోడ మీద కాగితం లేదు. నాలుగు గుండుసూదులు సాసర్లో ఉన్నాయి. ఆమె జావ పెట్టి, పెంట ఎత్తి, బూట్లు విప్పుకుని లోపలికొచ్చింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "కాఫీ ఉంది" అన్నాడు. కాళ్ళ మాట ఎత్తలేదు. ఆ మర్నాడూ ఎత్తలేదు. హార్ అరికాలు పగిలిందని ఆమే చెప్పబోయింది. ఆయన తల ఊపి రేడియో గొంతు పెంచాడు.

ఆరోజు నుంచి వారం పాటు ఉత్తరాలు, ఫోన్లు. దుకాణంలో ఎవరో వరసలో ఆమెను ముందుకు పంపించారు. బడిలో రెండో తరగతి పిల్లలు బొమ్మలు గీసి పంపారు. ఎర్రకోటు తొడుక్కున్న కుక్క, దాని పక్కన పెద్ద చేతుల మనిషి, కింద 'మంచి హల్దిస్ గారికి' అని వంకర అక్షరాలు. ఒక్కొక్కటీ చూస్తుంటే ఆమెకు చెవుల దాకా మంట పుట్టింది. పదిహేడు బొమ్మలు. చివరి దానిలో కుక్క నవ్వుతోంది. ఆమె అన్నీ మడిచి పెట్టి, బహుమతి గిన్నె తీసుకుని, బండెక్కింది.

యూరున్ ఆసుపత్రిలో పిల్లికి పళ్ళు తీస్తోంది. హల్దిస్ బయట బెంచీ దగ్గర నిలబడింది. ఒళ్ళో కుందేలు పెట్టుకున్న ఒక ముసలాయన ఆమెను గుర్తుపట్టి, లేచి తన చోటు ఇచ్చాడు.

"కూర్చోండమ్మా. మీలాంటివాళ్ళు నిలబడకూడదు."

"పర్లేదండి."

"కూర్చోండి. మా ఆవిడకి చెప్తే నమ్మదు, మీరు కూర్చున్న బెంచీ మీద నేను కూర్చున్నానంటే."

కూర్చుంది. ఇరవై నిమిషాలు ఆ ముసలాయన ఆమె ఎదుటే నిలబడి ఉన్నాడు, కుందేలుతో సహా.

లోపలికి వెళ్ళాక ఆమె నిలబడే చెప్పింది. పెచ్చు, మేజోడులో మంచు, తొమ్మిదో రోజు, కితకితలు, ఈల. ఏదీ వదల్లేదు. యూరున్ చేతులు కడుక్కుంటూ మొదలుపెట్టి, చివరి దాకా కుళాయి కట్టేయడం మర్చిపోయింది. తర్వాత కట్టి, చేతులు తుడుచుకుంది.

"ఆ రోజు దాని మణికట్టు మిగతా మూడు కాళ్ళకన్నా చల్లగా ఉంది" అంది. "వేడిగా ఉంటే ఎవరైనా పట్టుకుంటారు. చల్లగా ఎందుకుందో అడగాల్సింది. ఇంకెవరైనా అయితే అడిగేదాన్నే. పోటీకొచ్చిన ఆ ముప్పై మందిలో ఎవర్నైనా అడిగేదాన్ని. ఎందుకు అడగలేదో తెలుసా?"

యూరున్ తువ్వాలు కొక్కేనికి తగిలించింది.

"నువ్వు కాబట్టి."

గిన్నె బల్ల మీద పెట్టబోతే యూరున్ చెయ్యి అడ్డం పెట్టింది. "ఇక్కడ పెట్టకు. దీన్ని నేనేం చేసుకోను? ఆరుగురం ఓటేశాం, ఆరుగురికీ రాయి. కమిటీకి రాయి. నేను రాయను. నువ్వే రాయాలి."

"రాస్తాను."

"రోయెకి మందులిస్తాను. వారానికోసారి తీసుకురా. కుక్కకి నేను డాక్టర్నే." యూరున్ తలుపు దాకా వచ్చి, దాన్ని తెరిచి పట్టుకుంది. "నీతో కూర్చుని కాఫీ తాగడం మాత్రం ఇప్పట్లో నా వల్ల కాదు, హల్దిస్."

ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. పంపే ముందు తండ్రికి చదివి వినిపించింది. 'గాయాన్ని గమనించాను కానీ దాని తీవ్రత నాకు తెలియలేదు' అన్న చోటికి వచ్చినప్పుడు ఆయన చెయ్యెత్తాడు.

"తెలుసుగా" అన్నాడు.

ఆమె ఆ వాక్యం కొట్టేసి, 'తెలుసు' అని రాసింది. మిగతాది ఆయన ఏమీ మార్చమనలేదు.

కమిటీ రెండేళ్ళు ఆమెను పోటీకి రావద్దంది. బహుమతి రద్దు చేసింది, ఇంకెవరికీ ఇవ్వలేదు. పేపరు వాళ్ళు అదే ఫోటో చిన్నదిగా వేసి, కింద ఉత్తరం మొత్తం వేశారు. ఫోన్లు ఆగిపోయాయి. దుకాణంలో ఒద్మున్ ఎదురుపడి, ఎప్పటిలా టోపీ మీద వేలు పెట్టబోయి, ఆ చెయ్యి జేబులోకి పోనిచ్చాడు.

రెయ్దార్ నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు గడ్డి మోపులు దింపి, గేటు దగ్గరే నిలబడ్డాడు.

"నలభై మందికి చెప్పాను నేను. మా తమ్ముడికి, ఆ ఓస్లోలో ఉన్నవాడికి కూడా ఫోన్ చేసి చెప్పాను. వాడు అసలే నన్ను ఎప్పుడు ఎగతాళి చేద్దామా అని చూస్తుంటాడు."

"తప్పయింది రెయ్దార్."

"కాళ్ళొత్తుతుంటే చూశాను కూడా. జోకులేశాను." ఆయన చేతి తొడుగులు విప్పి, మళ్ళీ తొడుక్కున్నాడు. "నాతో ఒక్క మాట అని ఉంటే, నేనైనా 'వద్దే' అనేవాణ్ణి. అందుకే అనలేదు కాబోలు."

"అందుకే."

"సరే. గడ్డి శనివారం మళ్ళీ తెస్తా" అని ఆయన వెళ్ళిపోయాడు.

ఓదార్చినవాళ్ళూ లేకపోలేదు. పక్క జిల్లా నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఆయనకు కూడా పెద్ద జట్టే ఉంది.

"ఎవరు చెయ్యరండీ? అందరం మంచు కడతాం. చెప్పుకోవడం ఎందుకు, అనవసరంగా? ఇప్పుడు మీ పుణ్యమా అని వచ్చే ఏడు మా కుక్కల్నన్నిటినీ రెండుసార్లు చూస్తారు."

"చూడనివ్వండి" అని ఆమె పెట్టేసింది. ఆయన తనను తనవాళ్ళలో ఒకరిగా లెక్కేసుకున్నాడు. అది తప్పని ఆమె ఏ మొహం పెట్టుకుని చెప్పగలదు?

ఎండాకాలం వచ్చి, దోమలు వచ్చి పోయాయి. రోయె కాలు అతుక్కుంది కానీ మణికట్టు వంగదు. కర్రలా ముందుకు పెట్టి కుంటుతుంది. ఇంట్లోనే ఉంటోంది, ఐలిఫ్ కుర్చీ పక్కన. ఆయన ఊతకర్రతో మెట్లు దిగే దాకా కోలుకున్నాడు. కూతురితో వాతావరణం గురించి, మేత గురించి, రేడియోలో విన్న సంగతుల గురించి మాట్లాడతాడు. కుక్కల్ని మాత్రం తనే స్వయంగా, ఒక్కొక్కటీ, దొడ్లోకి వచ్చి తడిమి చూసుకుంటాడు. ఆమె చెప్పేది వినడానికి ఆగడు. ఆమె కూడా పక్కన నిలబడి, ఆయన వేళ్ళ వంక చూస్తూ ఉంటుంది.

అక్టోబరులో మొదటి మంచు పడింది. పోటీ లేకపోయినా కుక్కలు పరుగెత్తాలి, లేకపోతే గొలుసులు కొరుక్కుంటాయి. హల్దిస్ బండి బయటికి తీసి, తాళ్ళు పరిచింది. దొడ్డంతా ఒక్కసారి లేచి అరిచింది. సీక్‌కి పట్టెడ తొడిగి, వంగి హార్‌ది తీసుకునేసరికి, పక్కన ఎవరో నిలబడినట్టు తోచింది.

రోయె. ఇంటి తలుపు ఎవరు తీశారో, మెట్లెలా దిగిందో. కర్రకాలు ముందుకు చాపి, తాళ్ళ మొదట్లో, తన చోట్లో నిలబడింది. హల్దిస్ తిరిగి చూడగానే తల దించి మెడ ముందుకు పెట్టింది, పట్టెడ తొడగమని.

"లేదమ్మా" అంది హల్దిస్. "నువ్వు కాదు."

రోయె అలాగే నిలబడింది. మెడ ఇంకొంచెం ముందుకు చాపింది, ఆమెకు అందలేదేమోనని. హల్దిస్ దాని మెడపట్టీ పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ మెట్ల దాకా నడిపించుకెళ్ళి, లోపలికి పంపి తలుపు వేసింది. వచ్చి మిగతా కుక్కల్ని కట్టింది. లంగరు పీకింది. జట్టు నది వైపు దూకింది.

మర్నాడు కూడా రోయె వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఆ చలికాలమంతా, రోజూ పొద్దున, హల్దిస్ దాన్ని చేత్తో పట్టుకుని మెట్ల దాకా తీసుకెళ్ళి వదిలి వచ్చేది. తలుపు గొళ్ళెం పెట్టమని తండ్రితో అనలేదు. ఆయనా పెట్టలేదు.